ఇంత చదివీ...

ఇంత చదివీ గుడికెళ్తావా అని అడిగేవాళ్లు ఒక రకం. ఇంత చదివీ దేవుడంటే లెక్క లేదా అని అడిగేవాళ్లు ఇంకో రకం. ఎన్నికలొస్తే మూడో రకం తయారవుతారు, ఇంత చదివీ ఆ పార్టీకా ఓటేస్తావు అంటూ. శ్రీకాకుళంలో పుట్టి, మూడో క్లాసులోనే కళ్లజోడు తగిలించుకుని, రైల్వే టైంటేబుల్‌ని కథల పుస్తకంలా చదువుకున్న నాలాంటి నెర్డ్‌కి ఈ మూడు రకాలవాళ్లూ ఎక్కడో ఒకచోట తగులుతూనే ఉంటారు. వాళ్లలో వాళ్లకి అస్సలు పడదు గానీ ముగ్గురూ నమ్మేది ఒకటే: బుర్ర ఉన్నవాడు ఫలానా వైపే తేలాలి, తేలలేదంటే బుర్రలోనే ఎక్కడో తేడా ఉంది. నా గొడవ అక్కడే.

ఈమధ్య ఒక పెళ్లిలో భోజనాల దగ్గర మా బావ ఒకాయన, అప్పడం విరుస్తూ, తెలివైనవాళ్లు దేవుణ్ణి నమ్మరని సైంటిస్టులు తేల్చేశారు తెలుసా అన్నాడు. తేల్చలేదు. కాకపోతే ఆయన గాల్లోంచి తీసిన మాట కూడా కాదది. 2013లో మిరన్ జుకర్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఇద్దరు సహచరులతో కలిసి, అప్పటికి వచ్చిన 63 అధ్యయనాలను ఒకచోట వేసి చూశాడు. వాటిలో 53లో తెలివితేటల పరీక్షలో మార్కులు పెరిగేకొద్దీ మతవిశ్వాసం కాస్త తగ్గుతూ కనిపించింది. ఎంత కాస్త అంటే, సహసంబంధం, అంటే రెండు విషయాలు ఎంతగా కలిసి కదులుతాయో చెప్పే అంకె, సుమారు మైనస్ 0.24. దాన్ని వర్గం చేస్తే 0.06 దగ్గరికి వస్తుంది. అంటే మనిషికీ మనిషికీ మధ్య విశ్వాసంలో ఉన్న తేడాలో ఆరు శాతం దాకా తెలివి మార్కులతో పాటు కదులుతోంది, మిగతా తొంభై నాలుగు శాతం పెంపకంలోనో, ఊళ్లోనో, ఒంటరితనంలోనో, ఇంకెక్కడో ఉంది. బావకి ఆరు శాతం చెప్తే నవ్వాడు, లెక్కలు చెప్పి తప్పించుకుంటావని.

పైగా ఆ అధ్యయనాల్లో చాలావరకు పాశ్చాత్య దేశాలవి. అక్కడ మతం అంటే ముందుగా ఒక మాటను నిజమని ఒప్పుకోవడం. మా అమ్మ దగ్గరికి ఎవరైనా ప్రశ్నపత్రం పట్టుకొచ్చి, దేవుడున్నాడని మీరు ఎంత బలంగా నమ్ముతారో ఒకటి నుంచి ఏడు లోపు ఒక అంకె చెప్పండి అంటే, ఆవిడ ముందు కూర్చోబెట్టి టీ ఇస్తుంది, తర్వాత పాపం ఈ పిల్లాడికి ఏమయిందో అనుకుంటుంది. అమ్మకి దేవుడంటే ఆదివారం పూట అరసవల్లి సూర్యదేవుడి గుడి. రథసప్తమినాడు తెల్లారకుండానే లేపి తలమీదా భుజాలమీదా జిల్లేడాకులు పెట్టి చన్నీళ్లు గుమ్మరించడం. అందులో నమ్మకం ఎంత, అలవాటు ఎంత, మా అమ్మమ్మ జ్ఞాపకం ఎంత అని విడదీయడానికి ఏ స్కేలూ సరిపోదు.

అరసవల్లి ఎత్తాను కాబట్టి ఇది చెప్పకుండా ఉండలేను, కొంచెం ఓపిక పట్టండి. ఏటా మార్చి 9, 10 తేదీల్లో, మళ్లీ అక్టోబరు 1, 2 తేదీల్లో, మబ్బు లేకపోతే, పొద్దున్నే సూర్యకిరణాలు నేరుగా గర్భగుడిలోకి వెళ్లి స్వామి పాదాలను తాకుతాయి. ఉన్నది కొద్ది నిమిషాలే. దానికోసం జనం చీకట్లోనే వచ్చి బారులు తీరతారు. ఇంటర్మీడియట్ చదివేటప్పుడు ఈ తేదీలే ఎందుకన్నది నన్ను నిద్రపోనివ్వలేదు. పగలు అన్నిటికంటే పొట్టిగా ఉండేది డిసెంబరు 21, 22 ప్రాంతంలో. అక్కడినుంచి అక్టోబరు మొదటివారానికి వెనక్కి లెక్కపెడితే దాదాపు ఎనభై రోజులు, మార్చి 9, 10కి ముందుకు లెక్కపెట్టినా దాదాపు ఎనభై రోజులే. అంటే ఆ రెండు సమయాల్లోనూ సూర్యుడు ఇంచుమించు ఒకే చోట ఉదయిస్తాడు. సరిగ్గా తూర్పున కాకుండా ఓ నాలుగు డిగ్రీలు దక్షిణానికి జరిగి. వాకిలి నుంచి గర్భగుడి దాకా ఉన్న సందు ఆ కోణానికి కుదిరితే చాలు, ఏడాదికి రెండుసార్లు వెలుగు లోపలికి వచ్చి తీరుతుంది.

కాగితం మీద బొమ్మ గీసుకుని వెళ్లి అమ్మకి వివరించాను, ఇందులో మహిమ ఏమీ లేదు, వట్టి త్రికోణమితి అని. అమ్మ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. చెయ్యి ఆపకుండానే విని, "అయితే కట్టినోడు ఈ లెక్కంతా ఎరిగే కట్టేడంటావు?" అంది. అవునన్నాను. "మరి అంత లెక్క ఎరిగినోడు దండం ఎందుకెట్టేడు?"

ఇన్నేళ్లు గడిచాయి, దీనికి సరైన ఎదురుమాట నాకు ఇప్పటికీ తట్టలేదు. నాకంటే ఎన్నో రెట్లు తెలివైన ఖగోళ గణితజ్ఞుడెవరో వందల ఏళ్ల కిందట నా త్రికోణమితినే వాడి కోణం కుదిర్చాడు. కుదిర్చి, దాన్ని చూసి చేతులు జోడించాడు. అతని తెలివి, భక్తి ఒకదాన్నొకటి తినేయలేదు.

ఇలాంటివాళ్ల జాబితా పెద్దదే. న్యూటన్ భౌతికశాస్త్రం రాసినదానికంటే బైబిలు మీద, రసవాదం మీద రాసిన కాగితాలే ఎక్కువ. 2060కి ముందు లోకాంతం రాదని లెక్క కూడా కట్టుకున్నాడు. గణితమేధావి రామానుజన్‌కి లెక్కలు చెప్పేది నామగిరి అమ్మవారేనని మనవాళ్లు చెప్పుకుంటారు. ఆయన్ని కేంబ్రిడ్జికి పిలిపించిన గణితజ్ఞుడు హార్డీ పక్కా నాస్తికుడు. విచిత్రం ఏంటంటే, మతాలన్నీ ఇంచుమించు ఒకే మోతాదులో నిజం అనిపిస్తాయని రామానుజన్ తనతో అన్నాడని హార్డీ రాశాడు. అమ్మవారి కథను మనవాళ్లు చెప్పుకునేదానికీ, ఆ నాస్తికుడు చూసినదానికీ పొంతన కుదరదు. ఎవరికి కావలసిన రామానుజన్ వాళ్లకి దొరికాడనుకుంటాను.

రాజకీయం దగ్గరికొస్తే వ్యవహారం ఇంకా ముదురుతుంది. అదే 2013లో యేల్ లా స్కూల్‌కి చెందిన డాన్ కహాన్ బృందం వెయ్యిమందికి పైగా అమెరికన్లకు ఒక చిన్న పట్టిక ఇచ్చింది. మీరూ చెయ్యండి. చర్మానికి ఒక కొత్త క్రీము వచ్చింది. రాసుకున్నవాళ్లలో 223 మందికి దద్దుర్లు తగ్గాయి, 75 మందికి పెరిగాయి. రాసుకోనివాళ్లలో 107 మందికి తగ్గాయి, 21 మందికి పెరిగాయి. క్రీము పనిచేసినట్టా, లేనట్టా? 223 పెద్ద అంకె కాబట్టి చాలామంది పనిచేసిందంటారు. నిష్పత్తి కడితే రాసుకున్నవాళ్లలో నలుగురిలో ఒకరికి ముదిరింది, రాసుకోనివాళ్లలో ఆరుగురిలో ఒకరికే. రాసుకోకపోవడమే మేలు. లెక్కలు బాగా వచ్చినవాళ్లు దీన్ని పట్టుకున్నారు, అందులో వింత లేదు. తర్వాత అవే అంకెలను, తుపాకుల నియంత్రణ చట్టం పెడితే నేరాలు పెరిగాయా తగ్గాయా అన్న ప్రశ్నగా మార్చి ఇచ్చారు. అప్పుడు లెక్కలు బాగా వచ్చినవాళ్లు కూడా తమ పార్టీకి నచ్చే జవాబు అంకెల్లో ఉంటేనే నిష్పత్తి కట్టారు. నచ్చని జవాబు ఉంటే పైపైన చూసి వదిలేశారు. రెండు పార్టీలవాళ్ల జవాబుల మధ్య ఎడం, లెక్కలు రానివాళ్లలో కంటే వచ్చినవాళ్లలోనే ఎక్కువ తేలింది.

తర్వాత వేరేవాళ్లు ఇదే ప్రయోగం మళ్లీ చేస్తే ఆ చివరి భాగం అన్నిసార్లూ నిలబడలేదు, అది కూడా చెప్పాలి, లేకపోతే నేనూ నాకు నచ్చిన అంకెల దగ్గరే ఆగిపోయినట్టు. కానీ లెక్కలొస్తే పక్షపాతం పోతుందన్న ఆశకు మాత్రం ఎక్కడా పెద్దగా బలం దొరకలేదు. నా వరకు నాకు దీనికి అమెరికా అక్కర్లేదు. ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర టీ తాగుతూ మాట్లాడుకునే రిటైరయిన లెక్కల మాస్టార్లను చూస్తే చాలు. అవతలి ప్రభుత్వం అప్పు గురించి అయితే వడ్డీతో సహా పైసల దాకా చెప్తారు. తమ ప్రభుత్వం అప్పు గురించి అడగండి, "అలా చూడకూడదు బావూ, అభివృద్ధి కూడా చూడాలి" అంటారు. తెలివి ఉన్నచోటే ఉంది, పనిలోకి దిగడం మానేసిందంతే. మనసు ముందే తీర్పు రాసేసి, వాదించి పెట్టమని తెలివిని ప్లీడరుగా కుదుర్చుకుంటుంది. ప్లీడరు ఎంత దిట్టయితే కేసు అంత గట్టిగా నిలబడుతుంది.

మా జిల్లా చరిత్రలో దీనికి ఇంకో ముఖం ఉంది. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర ఇద్దరు గిరిజనులను కాల్చి చంపారు. అక్కడినుంచి రాజుకున్న శ్రీకాకుళం గిరిజన సాయుధ ఉద్యమాన్ని నడిపించినవాళ్లలో వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం బడిపంతుళ్లు. చాగంటి భాస్కరరావు డాక్టరు, నాగభూషణ్ పట్నాయక్ లాయరు. వాళ్ల దారి తప్పంటారో ఒప్పంటారో మీ ఇష్టం, మా ఇంట్లోనే ఇద్దరు తాతలకు దాని మీద మాటల్లేవు. కానీ తెలివి తక్కువై పోయారని మాత్రం ఎవరూ అనలేరు. వాళ్లని కొండమీదికి తీసుకెళ్లింది సవర, జాతాపు గిరిజనుల మధ్య బడి చెప్పుకుంటూ రోజూ కళ్లతో చూసిన కూలీ, అప్పు, భూమి. అదే బడిలో, అంతే తెలివితో, అవే చూసి ఇంకోలా ఆలోచించిన పంతుళ్లూ ఉండే ఉంటారు. ఐక్యూ పరీక్ష పెట్టి వీళ్లనీ వాళ్లనీ విడదీయగలమా?

సరే, నెర్డ్‌ల సంగతి. కళ్లజోడు, పుస్తకం కనబడితే చాలు, లోకం మనల్ని వివేకవంతుల లెక్కలో వేసేస్తుంది. నాకు తెలిసిన నెర్డ్‌లలో వివేకం లేనివాళ్లు బోలెడుమంది. మా వీధిలో టీవీలు, ఇన్వర్టర్లు బాగుచేసే అన్న ఒకడున్నాడు. పదో తరగతితో ఆపేశాడు గానీ అంతటి నెర్డ్‌ని నేను చూడలేదు. బోర్డు బల్లమీద పెట్టి, మల్టీమీటరు పట్టుకుని, ఫ్యూజు దగ్గర మొదలుపెట్టి ఒక్కో పాయింటు దగ్గర వోల్టేజీ చూసుకుంటూ వస్తాడు. ఎక్కడ పడిపోతే అక్కడ ఆగి, అనుమానమున్న ఒక్క పార్టే మార్చి మళ్లీ చూస్తాడు. రెండు ఒకేసారి మారిస్తే ఏది పోయిందో ఎలా తెలుస్తుంది అని కుర్రాళ్లని తిడతాడు. ఆ మనిషే బేరాలు లేవని వాస్తు ఆయన్ని పిలిచి షాపు గేటు దక్షిణం నుంచి తూర్పుకి మార్పించాడు. నిజంగానే బేరాలు పెరిగాయి. ఆ రోజుల్లోనే పక్క స్థలంలో కట్టిన అపార్ట్‌మెంట్‌లోకి కొత్త కుటుంబాలు దిగాయి. అన్నా, ఇక్కడ రెండు పార్టులు ఒకేసారి మారాయి కదా అన్నాను. నవ్వేసి, "అది వేరు, ఇది వేరు" అన్నాడు.

అది వేరు, ఇది వేరు అన్నదే మన బుర్రల అసలు డిజైను అనిపిస్తుంది నాకు. విజయనగరంలో నాకో స్నేహితుడు ఉన్నాడు, భౌతికశాస్త్రం చెప్తాడు, నాస్తికుడు, పెళ్లి కూడా ముహూర్తం లేకుండా చేసుకున్నాడు. దసరా అయ్యాక వచ్చే మంగళవారం పైడితల్లి సిరిమానోత్సవంలో మాత్రం, మూడు లాంతర్ల దగ్గర ఆ తొక్కిసలాటలో, కూతుర్ని భుజాల మీద ఎక్కించుకుని నిలబడి ఉంటాడు. అంత పొడుగు చింతమాను చివర పూజారి కూర్చుని, గుడి నుంచి కోట దాకా మూడుసార్లు వెళ్లొచ్చేదాకా కదలడు. ఇటువైపు బరువు ఎంత ఉండాలి, ఇరుసు ఎక్కడుండాలి అని ఆ పిల్లకి అక్కడే పాఠం. మాను వాళ్ల ముందుకు రాగానే జనం అరటిపళ్లు విసురుతారు, వాడూ విసురుతాడు. ఇదేంట్రా అంటే, "ఇది మా ఊరు" అంటాడు. నాకు ఇంతకంటే మంచి జవాబు అక్కర్లేదు. కానీ అదే మనిషి, తను అభిమానించే నాయకుడి మీద వచ్చిన అవినీతి ఆరోపణల గురించి ఎత్తితే, సాక్ష్యం ఏదీ అని సుప్రీంకోర్టు స్థాయిలో అడుగుతాడు. అవతలి నాయకుడికి మాత్రం పేపర్లో వచ్చిన ఒక్క వార్త చాలు. గుడి విషయంలో వాడు నిజాయితీగానే ఉన్నాడు, పార్టీ దగ్గరే భక్తుడైపోయాడు.

మావైపు పుట్టిన నెర్డ్‌లకి పెద్దదిక్కు ఎవరంటే నేను గిడుగు రామమూర్తి పంతులుగారి పేరే చెప్తాను. 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టాడు. పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ, ఎవరూ అడక్కుండా సవర భాష నేర్చుకున్నాడు, పిల్లలకి పుస్తకాలు రాశాడు, వ్యాకరణం రాశాడు, నిఘంటువు కట్టాడు. ఏజెన్సీలో తిరిగి మలేరియా తెచ్చుకుని, క్వినైను వాడి వాడి చెవులు పోగొట్టుకున్నాడు. భాష వినడమే పనిగా పెట్టుకున్న మనిషికి! వ్యావహారిక భాష గొడవలో ఆయనకి ఎదురు నిలిచిన జయంతి రామయ్య పంతులుగారు తక్కువ తిన్నవాడేం కాదు, మహాపండితుడు, డిప్యూటీ కలెక్టరు చేసినవాడు. ఇద్దరి ముందూ అవే శాసనాలు, అవే కావ్యాలు. ఒకరికి వాటిలో మారుతూ వస్తున్న భాష కనబడింది, ఇంకొకరికి కాపాడుకోవలసిన భాష కనబడింది. తెలివిలో హెచ్చుతగ్గులతో దీన్ని వివరించలేం. గిడుగు చేసిన ఒక పని మాత్రం నాకు భలే ఇష్టం. గ్రాంథికమే రాయాలని పట్టుబట్టిన పండితుల రాతలు తీసి, వాళ్ల లెక్క ప్రకారమే తప్పులు ఎక్కడెక్కడున్నాయో ఏరి చూపించాడు. మీ నియమం మీ చేతిలోనే నిలబడటం లేదు అని. గొంతు పెంచడం కంటే ఆ పనికి చాకిరీ ఎక్కువ. ఓపికతో కూర్చుని అంత చదివేవాడు నెర్డ్ కాక ఇంకెవరు?

ఎదుటివాడి లెక్కలో తప్పు వెతకడానికి ఓపిక ఎవరికైనా వస్తుంది, మన లెక్కలోదే రాదు. 1960లో పీటర్ వేసన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త లండన్‌లో విద్యార్థులకు 2, 4, 6 అని మూడు అంకెలిచ్చి, వీటి వెనక ఒక నియమం ఉంది, మీరూ మూడేసి అంకెలు చెప్తూ పోండి, కుదిరిందో లేదో చెప్తాను, నియమం పట్టుకోండి అన్నాడు. ఎక్కువమంది 8, 10, 12 లాంటివి చెప్పి, ప్రతిసారీ అవుననిపించుకుని, రెండేసి పెరిగే అంకెలు అని గట్టిగా ప్రకటించారు. అసలు నియమం పెరుగుతూ పోవాలి, అంతే. 1, 7, 50 అని ఒక్కసారి అడిగినా తమ ఊహ కూలిపోయేది. కూలిపోయే ప్రశ్న అడగాలని వాళ్లకి తోచలేదు.

ఆ ప్రశ్న తోచిన మనిషిని నేను మా జిల్లాలోనే, ఉద్దానం ప్రాంతంలో కవిటి వైపు చూశాను. మాకు దూరపు చుట్టం, వరసకి చిన్నాన్న, ఏడో తరగతితో బడి మానేసి కొబ్బరితోట చూసుకున్నాడు, ఇప్పుడు డయాలసిస్ మీద ఉన్నాడు. ఉద్దానం కిడ్నీ జబ్బుకి కారణం ఇదీ అని ఇప్పటికీ ఖాయంగా తేలలేదు. పలాసలో 2023 డిసెంబరులో పరిశోధన కేంద్రం, ఆసుపత్రి తెరిచారు, దూరం నుంచి మంచినీళ్లు పైపుల్లో తెచ్చారు, నీరు, సిలికా, పురుగుమందులు, ఎండలో శ్రమ, వంశం అంటూ ఊహలు చాలా ఉన్నాయి. కానీ చదువుకున్నవాళ్లని అడిగి చూడండి, అందరికీ కారణం తెలుసు, అదీ వాళ్ల వాళ్ల రాజకీయానికి సరిపోయే కారణం. కంపెనీలంటే పడనివాడికి మందులు, ప్రభుత్వమంటే పడనివాడికి నీళ్లు, జనమంటేనే పడనివాడికి సారా. చిన్నాన్న మాత్రం నీళ్లే కారణమని ఎవరో ఇంజినీరు గట్టిగా చెప్తుంటే, "నీరే అయితే, నలభై ఏళ్లు అదే నూతి నీరు తాగింది కదా, మాయావిడికెందుకు రాలేదు?" అన్నాడు. ఇంజినీరు కాసేపు మాట్లాడలేదు.

ఇదే చిన్నాన్న ఓటు విషయంలో బ్రహ్మదేవుడు చెప్పినా వినడు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను తోటలన్నీ పడగొట్టినప్పుడు, కరెంటు లేని ఆ రోజుల్లో జనరేటరు పట్టుకుని వీధిలోకి వచ్చిన మనిషి ఏ పార్టీయో ఈయనదీ ఆ పార్టీయే. మ్యానిఫెస్టోలో ఏముందో తెలియదు, అక్కర్లేదంటాడు. వెర్రి అనిపించదు నాకు. రుణం అనిపిస్తుంది. దాన్ని అభిప్రాయం అని పిలిచి, చర్చించి మార్చబోయేవాళ్లే తమాషాగా కనిపిస్తారు.

పోయినసారి వెళ్లినప్పుడు ఇలాంటి జబ్బే శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలోనూ, అమెరికా ఖండం మధ్యలో ఎల్ సాల్వడార్, నికరాగువాల్లోనూ ఉందని చెప్పాను. మంచమ్మీద లేచి కూర్చున్నాడు. అక్కడా కొబ్బరేనా అన్నాడు. శ్రీలంకలో వరి పండించేవాళ్లకి, అక్కడ చెరుకు నరికేవాళ్లకి అన్నాను. ఎండలో ఒళ్లొంచి నరకడం వల్లే అని కొందరి అనుమానం అని కూడా చెప్పాను. కాసేపు లెక్క చూసుకున్నట్టు కూర్చుని, "ఆమదాలవలసలో పంచదార ఫ్యాక్టరీ ఉన్నన్నాళ్లూ ఆ చుట్టూ చెరుకు నరికేరు కదరా. ఎండ అక్కడా ఇంతే. మరక్కడెందుకు లేదు?" అని అడిగి, జవాబు నా దగ్గర ఉంటుందన్నట్టు నా కళ్లజోడు వైపు చూశాడు.